పళ్ళు కనబడని నవ్వు

మన ఫోన్లలో ఒక బొమ్మ ఉంది. పెదవి ఒక పక్కకే లేచి, చూపు పక్కకి జారి ఉంటుంది. 2010లో యూనికోడ్ 6.0లో దానికి పెట్టిన పేరు 'స్మర్కింగ్ ఫేస్'. తెలుగులో దీన్నేమనాలి? 'ముసిముసి నవ్వు' అంటే ముద్దొచ్చేస్తుంది, 'వెకిలి నవ్వు' అంటే తిట్టినట్టుంటుంది. ఆ బొమ్మ ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంది.

ఈ స్మర్క్ పుట్టుకతోనే చెడ్డది కాదు. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో దాని పూర్వరూపానికి ఉత్త 'చిరునవ్వు నవ్వడం' అనే అర్థం. 1300 ప్రాంతంలో 'స్మైల్' వచ్చి ఆ పని తను తీసుకుంది. క్రమంగా పాత మాటకి పోజు నవ్వులూ దొంగ నవ్వులూ మిగిలాయి. ఈ రెంటినీ, సంస్కృతంలోని 'స్మిత'నీ భాషాశాస్త్రజ్ఞులు ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు దగ్గర చేరుస్తారు. ముగ్గురు అక్కచెల్లెళ్ళన్నమాట. ఒకామె మన ఇళ్ళలో ఆడపిల్లల పేరైంది, ఒకామె ఫోటోగ్రాఫర్ల ఊతపదమైంది, మూడో ఆమెకి చెడ్డపేరొచ్చింది.

అయితే స్మిత గొప్పతనం వెనక కూడా ఒక లెక్కుంది. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో ఆరు రకాల నవ్వులున్నాయి. స్మితం, హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. స్మితంలో పళ్ళు కనబడవు, హసితంలో కొంచెం కనబడతాయి. మెట్లు దిగేకొద్దీ చప్పుడు, తల ఊగడం, కన్నీళ్ళు, చివరికి డొక్కలు పట్టుకోవడం. స్టేజీ మీద రాజెవరో బంటెవరో తెలియడానికి కిరీటం అక్కర్లేదు, పళ్ళు చూస్తే చాలు. (మేనేజర్ జోకుకి ఎవరెంత నవ్వుతున్నారో చూసి ఇప్పటికీ ఆర్గ్ చార్ట్ గీసేయొచ్చు.)

ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఇంకా తమాషా. అదే గ్రంథం స్త్రీలకు పది 'స్వాభావిక' అలంకారాలు చెబుతుంది. అందులో కిలకించితం అంటే సంతోషం పట్టలేక నవ్వు, ఏడుపు, భయం, కోపం కలగలిపి చూపించడం. కుట్టమితం అంటే ప్రియుడు తాకితే లోపల ఆనందం, పైకి నొప్పి. బిబ్బోకం అంటే కోరుకున్నది దొరికాక గర్వంతో దాన్ని లెక్కచేయనట్టుండటం. ఇవన్నీ నటనలే కదా! శాస్త్రం మాత్రం వీటిని స్వభావం కిందే రాసుకుంది.

ఈ 'స్వభావం' మన దగ్గర నిండుగా కనిపించేది భామాకలాపంలోని సత్యభామలో. సిద్ధేంద్రయోగి రచనగా చెప్పే ఈ కూచిపూడి కలాపంలో ఆమె వాలుచూపుని, అతిశయాన్ని, అలక మధ్యలో తొంగిచూసే నవ్వుని తరాల తరబడి మగవాళ్ళే ఆడారు. 2012లో పోయిన వేదాంతం సత్యనారాయణ శర్మగారికి పేరు తెచ్చింది ఆ పాత్రే. ఆయన అభినయం వీడియోల్లో చూస్తే పెదవి ఎక్కడ ఆగాలో, చూపు ఎంతసేపు వాలాలో అంతా ఏళ్ళ సాధన అని తెలుస్తుంది. నాకైతే ఆ నవ్వు మోసమనిపించదు, కష్టపడి నేర్చుకున్న భాష అనిపిస్తుంది. అదే భాష వేషం లేని ఆడమనిషి మాట్లాడితే మాత్రం సామెత సిద్ధంగా ఉంటుంది: నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదట. ఒకే నవ్వు. మగవాడు ఆడితే చప్పట్లు, ఆడది నవ్వితే అనుమానం.

తెలుగు 'నవ్వు' స్మర్క్‌లా పడిపోలేదు. దానికి ముందు మనం ముద్రలు తగిలిస్తాం: కొంటె, వెర్రి, దొంగ, వెకిలి. విడిగా చెడ్డపేరున్న మాటంటే నాకు తట్టేది 'ఇకిలించడం'. అక్కడా పేచీ పళ్ళతోనే. 'పళ్ళికిలించకు' అనే మాట ఎటునుంచి ఎటు వెళ్తుందో గమనించండి: టీచర్ నుంచి పిల్లాడికి, అత్త నుంచి కోడలికి, బాస్ నుంచి కిందవాడికి. కిందనుంచి పైకి అనాల్సొస్తే చాటుగానే అంటాం. ఎదురుగా వాడే మాటలు వేరే ఉన్నాయి: మందహాసం, దరహాసం, చిద్విలాసం. పేపర్లో మంత్రిగారు ఎప్పుడూ చిరునవ్వే చిందిస్తారు, పక్కనున్న ఫోటోలో ముప్పై రెండు పళ్ళూ కనబడుతున్నా సరే.