టెంటా, హోటల్ గదా? కుటుంబంతో సంగీతోత్సవాలకు వెళ్ళేవాళ్ళ కోసం

విదేశంలో సంగీతోత్సవం అంటే మన తెలుగు ఇళ్ళలో చాలామందికి మొదట గుర్తొచ్చేది క్లీవ్‌ల్యాండ్ త్యాగరాజ ఆరాధన. 1978లో మొదలైన ఆ ఉత్సవానికి ఏటా ఈస్టర్ రోజుల్లో కుటుంబాలకు కుటుంబాలే తరలి వెళ్తాయి. అక్కడ బస గురించి పెద్ద చర్చ ఉండదు. కచేరీ హాల్లో జరుగుతుంది, రాత్రికి హోటల్ గదో తెలిసినవాళ్ళ ఇల్లో ఉంటుంది.

ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు టీనేజీలోకి వచ్చేసరికి వేరే పేర్లు చెప్తారు. గ్లాస్టన్‌బరీ, లాటిట్యూడ్, కోచెల్లా, బొన్నరూ. ఇవన్నీ పొలాల్లో, మైదానాల్లో మూడు నాలుగు రోజులు జరిగేవి. బ్రిటన్‌లో చాలా ఉత్సవాల్లో పదహారేళ్ళ లోపు పిల్లల వెంట పెద్దవాళ్ళు ఉండాలనే నియమం ఉంది కాబట్టి మనమూ బయల్దేరాల్సిందే. టికెట్ దొరికిన సంతోషం తీరకముందే ఇంట్లో వాదన మొదలవుతుంది. టెంట్ వేసుకుందామా, హోటల్ తీసుకుందామా?

మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. మూడు వేసవుల్లో మూడు రకాలుగా వెళ్ళాం. మొదటిసారి అందరం టెంట్‌లో, రెండోసారి అందరం హోటల్‌లో, మూడోసారి సగం సగం. మూడింట్లోనూ తప్పులు చేశాం. వాటి నుంచి నేర్చుకున్నదీ, వెళ్ళేముందు మీరు తెలుసుకోవాల్సినదీ ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ఏడాది: అమ్మ నీళ్ళు తాగలేదు

ఆ వేసవిలో అమ్మ హనుమకొండ నుంచి వచ్చి మా దగ్గర ఉంది. ఆమెకు అరవై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, బీపీ. హోటల్ తీసుకుందామంటే ఒప్పుకోలేదు. "మేడారంల నాలుగు దినాలు చెట్ల కింద పండుకున్నోళ్ళం బిడ్డా, గిదో లెక్కనా?" అంది. ఆ మాట నిజమే. రెండేళ్ళకోసారి సమ్మక్క సారలమ్మ జాతరకు చిన్నప్పుడు మేమంతా టార్పాలిన్ కట్టుకునే ఉన్నాం. క్యాంపింగ్ తెల్లవాళ్ళ అలవాటు అనుకుంటాం కానీ మన ఊళ్ళవాళ్ళకు అది కొత్త కాదు.

మొదటి రాత్రి వాన పడింది. మా టెంట్ నుంచి టాయిలెట్లకు బురదలో ఏడెనిమిది నిమిషాల నడక, దారి పొడుగునా వేరేవాళ్ళ టెంట్ తాళ్ళు. రాత్రి రెండింటికి అమ్మను పట్టుకుని ఒకసారి తీసుకెళ్ళాను. మర్నాడు మధ్యాహ్నం పాట మధ్యలో అమ్మకు కళ్ళు తిరిగి నా మీదికి ఒరిగిపోయింది. వైద్య శిబిరంలో నర్సు అడిగిన మొదటి ప్రశ్న, "ఈరోజు ఎన్ని నీళ్ళు తాగారు?" అమ్మ నా వంక చూసి చిన్నగా చెప్పింది, రాత్రి మళ్ళీ నన్ను లేపాల్సి వస్తుందని పొద్దుట్నుంచీ గుక్కెడు కూడా తాగలేదని.

ఆ రోజు వరకు మేం టెంట్ గురించి చర్చించిందంతా డబ్బు, వాన, సరదా గురించే. రాత్రి టాయిలెట్ ఎంత దూరం అని ఒక్కరం కూడా అడగలేదు.

టెంట్: ఏం దొరుకుతుంది, ఏం పోతుంది

గ్లాస్టన్‌బరీ సంగతే తీసుకుందాం. 1970లో సోమర్సెట్‌లోని వర్దీ ఫామ్ అనే పాడి రైతు పొలంలో ఒక్క పౌండు టికెట్‌తో మొదలైంది, వచ్చినవాళ్ళకు పాలు ఉచితంగా ఇచ్చారు. ఇప్పుడు సిబ్బందితో కలిపి రెండు లక్షల మందికి పైగా ఉండే తాత్కాలిక నగరం. 2025లో టికెట్ 373.50 పౌండ్లు, బుకింగ్ రుసుము మరో 5 పౌండ్లు. టెంట్ వేసుకునే చోటు ఆ ధరలోనే వస్తుంది. పన్నెండేళ్ళు, అంతకు లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. పిల్లలున్న కుటుంబాలకు విడిగా మైదానాలున్నాయి, అక్కడ రాత్రి గోల కాస్త తక్కువ. టికెట్ మీద మన ఫోటో ఉంటుంది, వేరేవాళ్ళకు ఇవ్వడానికి కుదరదు. పొలానికి విశ్రాంతి ఇవ్వడానికి కొన్నేళ్ళకోసారి ఉత్సవం ఆపేస్తారు, 2026 అలాంటి ఏడాదే.

టెంట్‌లో ఉంటే దొరికే పెద్ద లాభం సమయం. ఆఖరి పాట దాకా ఉండొచ్చు, అలసిపోతే మధ్యాహ్నం వచ్చి గంట నడుం వాల్చొచ్చు. అర్ధరాత్రి డ్రైవింగ్ ఉండదు. పోయేది నిద్ర. జూన్ చివర్లో ఇంగ్లండ్‌లో ఐదు లోపే తెల్లారుతుంది, ఎండ పడితే ఏడింటికల్లా టెంట్ ఉడికిపోతుంది. అదే టెంట్‌లో రాత్రి చలికి స్వెటర్లు కావాలి.

టెంట్ ఎంచుకుంటే ఇవి చూసుకోండి.

నలుగురి టెంట్ అని రాసి ఉంటే నలుగురు పక్కపక్కనే ఒత్తుకుని పడుకునేంత అని అర్థం, సామాన్లకు చోటు ఉండదు. మీ లెక్కకు ఇద్దరిని కలిపి కొనండి. రెండు పొరల టెంట్ అయితే లోపలి గుడ్డకు తడి అంటదు.

పల్లంలో వేయకండి. 2005లో గ్లాస్టన్‌బరీలో తుపాను వాన కురిసినప్పుడు పల్లపు మైదానాల్లోని టెంట్లు నీళ్ళలో మునిగిపోయాయి. కాస్త ఎత్తులో, పెద్ద దారికి దూరంగా, టాయిలెట్లకు మూడు నాలుగు నిమిషాల నడకలో చోటు చూసుకోండి. మరీ పక్కనే వేస్తే వాసన, తలుపుల చప్పుడు.

గాలి పరుపు మెత్తగా ఉంటుంది కానీ లోపలి గాలి చల్లబడి వీపుకు చలి పెడుతుంది. దాని కింద మందపాటి మ్యాట్ పరవండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు మడత మంచం తీసుకెళ్ళండి, నేల మీంచి లేవడమే వాళ్ళకు కష్టం.

పార్కింగ్ నుంచి మైదానానికి మైలు దాకా మోయాల్సి రావచ్చు. లాగే బండి ఉంటే సగం గొడవ తీరుతుంది. తలకు కట్టుకునే లైటు మనిషికొకటి ఉండాలి.

వంట విషయంలో ఒక హెచ్చరిక. వాన పడుతోందని టెంట్ లోపల గ్యాస్ పొయ్యి వెలిగించి టీ పెట్టకండి. బొగ్గుల కుంపటి ఆరిపోయిందనుకుని లోపలికి తెచ్చుకోకండి. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కనిపించదు, వాసన రాదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొయ్యి అనుమతిస్తారో లేదో కూడా ఒక్కో ఉత్సవంలో ఒక్కోలా ఉంటుంది. మేం మొదటి రోజుకు పులిహోర, తర్వాతికి అటుకులు, పొడులు, ఫ్లాస్కులో వేడినీళ్ళతో సరిపెట్టుకున్నాం. శాకాహారం అక్కడి కొట్లలోనూ బాగానే దొరుకుతుంది.

అమెరికాలో ఎండ, వాన

అమెరికాలో ఉన్నవాళ్ళకు లెక్క కొంచెం మారుతుంది. కోచెల్లా కాలిఫోర్నియా ఎడారిలో ఇండియో దగ్గర ఏప్రిల్‌లో రెండు వారాంతాలు జరుగుతుంది. అక్కడ కారు, టెంట్ ఒకేచోట పెట్టుకునే పాస్ విడిగా కొనాలి. ఇచ్చే చోటు పదడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు, కారుతో సహా. అక్కడ బాధంతా పగటి ఎండ, దుమ్ము గాలి. నీడకు పందిరి లేకపోతే పొద్దున తొమ్మిది తర్వాత టెంట్‌లో ఉండలేరు. చుట్టుపక్కల హోటళ్ళ దగ్గర నుంచి బస్సు పాస్‌లు కూడా అమ్ముతారు. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే నేను హోటల్, బస్సు వైపే మొగ్గుతాను.

టెనెసీలో జూన్‌లో జరిగే బొన్నరూ అంతా పొలంలోనే, ఎక్కువమంది క్యాంపింగ్‌కే వస్తారు. 2025లో మొదటి రోజు కాగానే భారీ వర్షాల వల్ల మిగతా ఉత్సవం రద్దు చేశారు. నేల బురదైపోతే కార్లు కదలడం కూడా కష్టం. టెంట్‌తో వెళ్ళేవాళ్ళు "రద్దయితే ఈ రాత్రి ఎక్కడ పడుకుంటాం?" అన్నదానికి ముందే జవాబు పెట్టుకోవాలి. చివరి నిమిషంలో రద్దు చేసుకోగల హోటల్ గది ఒకటి చూసి ఉంచుకోవడం మంచిది.

రెండో ఏడాది: ఆఖరి బస్సు

అమ్మ కళ్ళు తిరిగిన తర్వాత మా ఆయన మరో మాట వినలేదు. రెండో ఏడాది ఇరవై మైళ్ళ దూరంలో హోటల్. శుభ్రమైన పడక, వేడినీళ్ళ స్నానం, అమ్మకు నిద్ర. అన్నీ బాగున్నాయి. కానీ హోటల్ వైపు వెళ్ళే ఆఖరి బస్సు పదిన్నరకే. గేటు దాకా నడకకు అరగంట, వరుసలో అరగంట. ఏ గాయని కోసం మా అమ్మాయి ఏడాదంతా ఎదురుచూసిందో ఆమె వేదిక మీదికి వచ్చేసరికి మేం గేటు వైపు నడుస్తున్నాం. వెనకనుంచి పాట వినపడుతూనే ఉంది. పిల్ల ఏమీ అనలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

హోటల్ అనుకునేవాళ్ళు గది ధర కన్నా ముందు ఇవి తేల్చుకోండి.

ఆఖరి బస్సు ఎన్నింటికి? ముఖ్యమైన కచేరీ ఎన్నింటికి ముగుస్తుంది? రెంటికీ మధ్య కనీసం గంటన్నర లేకపోతే ఆ కచేరీ మీది కాదనుకోండి.

కారైతే, పార్కింగ్ నుంచి బయటపడడానికే గంటా రెండు గంటలు పట్టొచ్చు. రోజంతా ఎండలో నిలబడిన మనిషి రాత్రి ఒంటిగంటకు పల్లె రోడ్ల మీద నడపగలరా? మూడు రోజులూ నడపగలరా?

ఒకసారి బయటికి వెళ్తే మళ్ళీ లోపలికి రానిస్తారా? కొన్నిచోట్ల చేతిపట్టీ చూపిస్తే చాలు, కొన్నిచోట్ల బయటికి వెళ్ళేటప్పుడే పాస్ తీసుకోవాలి, కొన్నిచోట్ల రానివ్వరు. ఊరి పేరు చూసి మోసపోకండి. గ్లాస్టన్‌బరీ ఉత్సవం గ్లాస్టన్‌బరీ ఊళ్ళో జరగదు, ఆరేడు మైళ్ళ దూరంలో పిల్టన్ అనే పల్లెలో జరుగుతుంది.

మధ్యే మార్గం

ముందే వేసి, మంచాలు పెట్టి ఉంచిన టెంట్లు ఇప్పుడు చాలా ఉత్సవాల్లో దొరుకుతున్నాయి. గ్లాంపింగ్ అంటారు. సామాను మోత తప్పుతుంది, టాయిలెట్లు, స్నానపు గదులు కాస్త మెరుగ్గా ఉంటాయి. అయితే డబ్బు ఎక్కువ ఇచ్చాం కదా, వేదిక దగ్గర ఉంటుందనుకోవద్దు. గ్లాస్టన్‌బరీలో వర్దీ వ్యూ అనే ఇలాంటి మైదానం ప్రధాన కంచెకు బయట, గుట్ట మీద ఉంటుంది. దృశ్యం అద్భుతం, మోకాళ్ళకు ఆ వాలు శిక్ష. క్యాంపర్‌వ్యాన్ల మైదానాలు కూడా అక్కడ కంచె బయటే, వాటికి విడిగా టికెట్ కొనాలి. బుక్ చేసేముందు మ్యాప్ తెరిచి, వేదిక ఎంత దూరం, ఎత్తుపల్లాలు ఎలా ఉన్నాయి, టాయిలెట్లు ఎక్కడ అని చూడండి.

నడవడం కష్టమైన వాళ్ళ కోసం బ్రిటన్‌లో పెద్ద ఉత్సవాలు ప్రత్యేక క్యాంపింగ్ మైదానాలు ఉంచుతాయి. అర్హత ఉంటే సాయంగా వచ్చే మనిషికి ఉచిత టికెట్ కూడా ఇస్తారు. నెలల ముందే దరఖాస్తు చేయాలి. ఇన్సులిన్‌లాంటి చల్లగా ఉంచాల్సిన మందులుంటే నిర్వాహకులకు ముందే రాసి ఏర్పాటు అడగండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల ప్రయాణ బీమా కాగితం, మందుల చీటీ ఫోన్‌లోనే కాకుండా అచ్చు కూడా దగ్గర ఉంచుకోండి. పొలంలో ఫోన్ చార్జింగ్ ఎప్పుడు అయిపోతుందో తెలియదు.

మూడో ఏడాది, తర్వాత

మూడో ఏడాది విడిపోయాం. నేనూ అమ్మాయీ టెంట్‌లో. అమ్మ, మా ఆయన, చిన్నవాడు నాలుగు మైళ్ళ దూరంలో ఒక పల్లెలో గది తీసుకున్నారు. పగలు అందరం కలిసి పాటలు వినడం, రాత్రి ఎనిమిదికి వాళ్ళు వెళ్ళిపోవడం. అమ్మ నీళ్ళు తాగింది, పిల్ల ఆఖరి పాట దాకా ఉంది. అంతా సరిగ్గా కుదిరిందనుకున్నాను.

ఇంటికొచ్చాక ఒకరోజు అమ్మ అంది: "మీరిద్దరు గుడారంల నవ్వుకుంట ముచ్చట్లు పెట్టుకుంటుంటిరి. నేను గదిల టీవీ చూసుకుంట కూసున్న. గంత దూరం నేనెందుకొచ్చిన బిడ్డా?"

అందుకే నేను ఒక్కటే చెప్పగలను. ఖర్చుతోనో, సరదాతోనో మొదలుపెట్టకండి. మీ బృందంలో రాత్రి ఎవరికి కష్టమో ముందు వాళ్ళను గుర్తించండి. పెద్దవాళ్ళు కావచ్చు, పసిపిల్లలు కావచ్చు, గర్భిణి కావచ్చు. ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి: రాత్రి టాయిలెట్‌కు ఎంత దూరం నడవగలరు? రాత్రి ఎన్నింటి దాకా ఉండాలని ఉంది? ఏది పోతే ఎక్కువ బాధపడతారు, నిద్రా, పాటా? "నాదేముంది, మీ ఇష్టం" అంటే ఊరుకోకండి, మళ్ళీ అడగండి. మన పెద్దవాళ్ళు మొదటిసారి నిజం చెప్పరు.

వచ్చే వేసవికి అమ్మ మళ్ళీ వస్తోంది. ఈసారి మంచాలున్న టెంట్, టాయిలెట్‌కు రెండు నిమిషాల నడక, ఒక్క రాత్రి మాత్రమే. మర్నాడు సాయంత్రం ఆమెను తీసుకుని నేను ఇంటికి వచ్చేస్తాను, పిల్లతో వాళ్ళ నాన్న ఉంటాడు. మ్యాప్ ఫోన్‌లో పంపిస్తే అమ్మ పెద్దది చేసి చూసి, టాయిలెట్ల బొమ్మ మీద వేలు పెట్టి, "గిది మంచిగున్నది" అంది.