చప్పట్లనుండి ప్రేలుడు దాక

కోపము వచ్చిన మనిషినిగూర్చి చెప్పవలసినప్పుడు మనము నిప్పును తలచుకొందుము. మండిపడినాడందుము, భగ్గుమన్నాడందుము, నిప్పులు చెరిగినాడందుము. ఇవన్నియు పొయ్యిదగ్గరి మాటలు. ఆంగ్లేయులును నిప్పునే తలచుకొందురు గాని, వారి నిప్పు పొయ్యిలోనిది కాదు, మందుగుండులోనిది. కోపించినవాడు 'ఎక్స్‌ప్లోడ్' అయినాడందురు, అనగా ప్రేలిపోయినాడని. ఈ మాటలు నేడు మన సంభాషణలలోను దొరలుచున్నవి. కాని వాని పుట్టుక తెలిసికొన్నచో, కోపమునుగూర్చియే ఒక సంగతి బోధపడును.

ఎక్స్‌ప్లోడ్ అను క్రియకు పుట్టుకచేత మందుగుండుతో సంబంధము లేదు. ఉండుటకు వీలును లేదు. మందుగుండు చైనాలో 9వ శతాబ్ది ప్రాంతమున పుట్టి, 13వ శతాబ్దిలో ఐరోపాకు చేరినది. ప్రాచీన రోమకులు దానిని ఎరుగరు. వారి 'ఎక్స్‌ప్లోదెరె' నాటకశాలలోని మాట. 'ప్లౌదెరె' అనగా చప్పట్లు కొట్టుట; 'ఎక్స్' అనగా వెలుపలికి. చేతకాని నటుని చప్పట్లతో, కేకలతో రంగస్థలమునుండి వెళ్ళగొట్టుటయే ఎక్స్‌ప్లోదెరె. మెప్పును తెలుపు 'అప్లాజ్' అను మాటయు ఈ చప్పట్లనుండియే వచ్చినది. ఇవి రెండును అక్కచెల్లెండ్రు. చప్పట్లతో మెచ్చుటయు కలదు, చప్పట్లతో తరుముటయు కలదు. రాత్రివేళ పల్లెలో నాటకము చూచినవారికి ఈ భేదమును వేరుగా చెప్పనక్కరలేదు.

16వ శతాబ్దిలో ఈ మాట ఆంగ్లమున ప్రవేశించినప్పుడు, అవమానించి త్రోసివేయుట అనియే దాని అర్థము. 1755లో శామ్యూల్ జాన్సన్ ప్రకటించిన నిఘంటువులోను హేళనధ్వనులతో వెళ్ళగొట్టుటయే మొదట చెప్పబడినది. తప్పని తేలిన సిద్ధాంతమును 'ఎక్స్‌ప్లోడెడ్' సిద్ధాంతమని ఆంగ్లేయులు నేటికిని అందురు. అది ప్రేలిన సిద్ధాంతము కాదు. సభనుండి తరిమివేయబడిన సిద్ధాంతము. 17వ శతాబ్దిలో, పెద్ద చప్పుడుతో బలవంతముగా వెలికి నెట్టుట అను అర్థము తోడయినది. 18వ శతాబ్ది చివరకు నేటి అర్థము వ్యాపించెను. నటుడు పోయి గుండు వచ్చినది. చప్పుడు మాత్రము మిగిలినది.

'బాంబు' చరిత్రయు ఇట్టిదే. గ్రీకులో 'బోంబోస్' అనగా తుమ్మెద ఝంకారమువంటి గంభీరమైన మ్రోత. ఆ మాట లాటిను, ఇటాలియను, ఫ్రెంచి భాషలమీదుగా ఆంగ్లమునకు వచ్చి, అక్కడినుండి మనకు వచ్చినది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముమీద జపానువారి బాంబులు పడిననాడు, ఆ శబ్దము విన్నవారికెవ్వరికిని తుమ్మెద గుర్తుకు వచ్చియుండదు. ఇక పటాటోపపు ప్రసంగమును 'బొంబాస్ట్' అందురు. వినుటకు ఇది బాంబునకు చుట్టమువలె తోచును గాని, నిజమునకు దూదికి చుట్టము. ఉడుపులు ఉబ్బుగా కనబడుటకై లోపల కూరెడు దూదికి అది పేరు.

'ఫల్మినేట్' అను మాట మరియొక దారి పట్టినది. లాటినులో 'ఫుల్మెన్' అనగా పిడుగు. మతాధికారులు పీఠముపైనుండి శాపములు కురిపించుటకు ఈ మాటను వాడిరి. ఆ పిమ్మట ఎవరైనను ఆగ్రహముతో గర్జించుటకు అది చెల్లినది. 1800లో ఎడ్వర్డు హోవర్డు అను ఆంగ్ల రసాయనజ్ఞుడు, చిన్న దెబ్బకే ప్రేలెడు ఒక పాదరస లవణమును వర్ణించెను. దానికిని ఫల్మినేట్ అనియే పేరు. అట్టి పిడుగుమందును దెబ్బతో ప్రేల్చి తుపాకి కాల్చు పద్ధతికి 1807లో హక్కుపత్రము పొందినవాడు అలెగ్జాండర్ ఫార్సైత్. ఆయన స్కాట్లండులో ఒక పల్లె చర్చికి పురోహితుడు. పురోహితుల నోట పుట్టిన పిడుగు, పురోహితుని చేతిమీదుగానే తుపాకిలోనికి దిగినది. 'డిటొనేట్' అను మాటకు మూలము ఉరుము. ఉరుమునకు మన సంస్కృత నామమైన స్తనితమును, అందులోని 'తొనారె'యును ఒకే మూలమునుండి వచ్చినవి.

19వ శతాబ్దిలో ఆవిరి యంత్రములు వ్యాపించినవి. వానితో పాటు 'ఆవిరిని వదలుట' అను పలుకుబడి వచ్చినది. లోపలి ఒత్తిడి మితిమీరినప్పుడు రక్షక కవాటము తెరచుకొని ఆవిరిని వెలికి పంపవలెను. లేనిచో బాయిలరు బ్రద్దలగును. ఇది ఊరక పుట్టిన పోలిక కాదు. 1865 ఏప్రిల్ 27న అమెరికాలో మిసిసిపీ నదిమీద 'సుల్తానా' అను పడవలో బాయిలర్లు ప్రేలి వేయిమందికి పైగా మరణించిరి. అట్టి భయమును ఎరిగిన కాలము, మనిషి హృదయమును కూడ ఒక బాయిలరుగా ఊహించుకొన్నది.

ఈ మాటలన్నింటిని వరుసగా పేర్చి చూచినచో ఒక మార్పు స్పష్టమగును. రోమకుల నాటకశాలలో ఎక్స్‌ప్లోదెరె మనుష్యులు చేసెడు పని. ప్రేక్షకులు నిర్ణయించుకొని, చేతులెత్తి, తరిమిరి. నేడు ప్రేలుట మనిషి చేసెడు పని కాదు. మనిషికి సంభవించెడు ప్రమాదము. ఒత్తిడి పెరిగినది, బాయిలరు పగిలినది, తప్పెవరిది? మాట మారుటతో బాధ్యత కూడ జారిపోయినది.

కొన్ని యేండ్ల క్రిందట ఒక సాయంకాలము, ప్రసారమునకు అయిదు నిమిషములున్నదనగా, నేను చదువవలసిన ప్రతిలో ఒక కాగితము కనబడలేదు. ప్రక్కనున్న చిన్న ఉద్యోగిమీద కేకలు వేసితిని. అంతలో స్టూడియోలో ఎర్రదీపము వెలిగినది. తత్‌క్షణమే నా గొంతు మృదువైనది; శ్రోతలకు నమస్కారము చెప్పితిని. ఆ కాగితము తరువాత నా చేతిసంచిలోనే దొరికినది. ఒక మిత్రునితో, "ఏమో, ఒక్కసారిగా ప్రేలిపోయితిని" అంటిని. ఆయన నవ్వి, "ఎర్రదీపమును చూచి ఆగిన బాంబును ఇదివరకెన్నడును వినలేదు" అనెను. నాకు జవాబు తోచలేదు.

ఆ రాత్రి నిఘంటువులో 'యాంగర్' అను మాటను చూచితిని. స్కాండినేవియానుండి వచ్చినవారి ప్రాచీన భాషలో దానికి దుఃఖమని అర్థము. ఆంగ్లములోను తొలుత బాధ అనియే అర్థము. దాని మూలధాతువునకు ఇరుకుట, నొక్కుకొనుట అని భావము. మన 'అంహస్సు' ఆ ధాతువునుండియే పుట్టినది. వేదములో అది ఇరుకు, ఆపద, తరువాత పాపము. కాబట్టి కోపమునకు ఆంగ్లేయులు పెట్టుకొన్న ఈ పేరు మందుగుండు పేరు కాదు. గుండె ఇరుకైనవాని బాధకు పేరది.

మరునాడు ఆ యువకుని పిలిచితిని. ప్రేలిపోయితినని అనలేదు. "నాకు భయము వేసినది, నీమీద కేకలు వేసితిని, తప్పు నాది" అని చెప్పుకొంటిని.