మోటార్ న్యూరాన్ జబ్బులో చిన్నమెదడు: పల్నాటి వైపు నుంచి ఒక పరిశీలన

1869లో ఫ్రెంచి వైద్యుడు షార్కో మోటార్ న్యూరాన్ జబ్బుల్లో ముఖ్యమైన ఏఎల్ఎస్‌ను వర్ణించాక చాలాకాలం వైద్య గ్రంథాలు ఒకే మాట చెప్పాయి: కదలికలను నడిపే నాడీకణాలు నశిస్తాయి, బుద్ధి మాత్రం చెక్కుచెదరదు. ఈ మాటలో రెండో సగం ఇప్పుడు నిలవడం లేదు. ఈ రోగుల్లో దాదాపు సగం మందికి ఆలోచనలోనో ప్రవర్తనలోనో ఎంతో కొంత మార్పు కనబడుతోంది. సుమారు 10 నుంచి 15 శాతం మందికి ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అనే బుద్ధిక్షీణత వస్తోంది. ఇందులో చిన్నమెదడు వాటా ఎంత?

1. మొదట, చిన్నమెదడుకు బుద్ధితో సంబంధం ఉందా అన్నది తేలాలి. మొదటి ప్రపంచయుద్ధంలో తూటా దెబ్బలు తిన్న సైనికులను పరీక్షించిన గోర్డన్ హోమ్స్ 1917లో కదలికల లోపాలనే నమోదు చేశాడు. 1998లో ష్మామన్, షెర్మన్‌లు మాత్రం చిన్నమెదడు దెబ్బతిన్న 20 మందిలో ప్రణాళిక, భాష, భావోద్వేగాలు కూడా తప్పుతున్నాయని చూపారు. అయితే వాళ్లు ఏఎల్ఎస్ రోగులు కారు. కనుక ఇది సాధ్యతను చూపుతుందే తప్ప రుజువు కాదు.

2. జన్యు సాక్ష్యానికి మూలం మన దేశంలోనే ఉంది. 1971లో బొంబాయి వైద్యులు వాడియా, స్వామి తొమ్మిది కుటుంబాల్లో తూలుడు నడకతో పాటు కనుగుడ్లు మందకొడిగా కదలడాన్ని వర్ణించారు. దానినే తర్వాత ఎస్‌సీఏ2 అనే వంశపారంపర్య చిన్నమెదడు జబ్బుగా గుర్తించారు. దాని జన్యువు ఏటీఎక్స్ఎన్2 అని 1996లో తేలింది. ఆ జన్యువులో ఒక ముక్క సాధారణంగా 22 సార్లు పునరావృతమవుతుంది. 34 దాటితే ఈ చిన్నమెదడు జబ్బు వస్తుంది. 27 నుంచి 33 మధ్య ఉంటే ఏఎల్ఎస్ ముప్పు పెరుగుతుందని 2010లో ఒక బృందం ప్రకటించింది. ఆ కింది హద్దును తర్వాతి అధ్యయనాలు పైకి జరిపాయి. ఏదైనా ఇది ముప్పే, కారణం కాదు. ఒకే జన్యువు రెండు జబ్బులను కలిపినంత మాత్రాన ఏఎల్ఎస్‌లో చిన్నమెదడు చెడుతుందని అనలేం.

3. కణజాల సాక్ష్యం ఇంకాస్త గట్టిది. 2011లో బయటపడ్డ సీ9ఓఆర్ఎఫ్72 జన్యులోపం ఉన్న ఏఎల్ఎస్ రోగుల చిన్నమెదడు గ్రాన్యూల్ కణాల్లో పీ62 అనే ప్రొటీన్ ముద్దలు కనిపిస్తాయి. ఏఎల్ఎస్‌కు గుర్తుగా చెప్పే టీడీపీ-43 మాత్రం ఆ ముద్దల్లో ఉండదు. పైగా ముద్ద ఉన్నచోటల్లా కణం చచ్చిందని చెప్పలేం. ఈ లోపం ఐరోపా మూలాలవారిలో ఎక్కువ, ఆసియాలో బాగా తక్కువ. స్కానింగుల్లో కనబడే క్షీణత సంగతీ అంతే: పెద్దమెదడు నుంచి వచ్చే దారులు తెగినా చిన్నమెదడు కుంచించుకుపోవచ్చు.

పల్నాటి రోగికి ఈ లెక్కలను అన్వయించే ముందు మరో చిక్కు ఉంది: నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ ఈ జబ్బులాగే కనిపించవచ్చు. 1937లో షార్ట్ బృందం మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్‌ను నివేదించింది. పాత రచనలు ఆ ప్రాంతాన్ని నెల్లూరు జిల్లా అంటాయి. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం అని పేరు మారింది) ఏర్పడ్డాక దర్శి, పొదిలి వైపు ఊళ్లు అందులో చేరాయి. ఆ నేలకు ఆనుకునే పల్నాటి వినుకొండ ఉంది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. దాన్ని బాగా మించిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నులోని స్నాయువులు ఎముకలా గట్టిపడి వెన్నుపామును నొక్కవచ్చు. అప్పుడు చేతి కండలు కరుగుతాయి, కాళ్లు బిర్రబిగుస్తాయి. పైకి చూస్తే అచ్చం మోటార్ న్యూరాన్ జబ్బే. తేడా ముంజేతి ఎక్స్‌రేలో దొరకవచ్చు: రెండు ఎముకల నడుమ ఉండే పల్చని పొర ముళ్లు మొలిచినట్లు సున్నం పట్టి ఉంటుంది. తిమ్మిరి, స్పర్శలోపం కూడా ఫ్లోరోసిస్ వైపే మొగ్గు చూపుతాయి.

ఇక 1970లో మీనాక్షిసుందరం ప్రభృతులు వర్ణించిన ‘మద్రాసు రకం’ మోటార్ న్యూరాన్ జబ్బు ఉంది. దక్షిణాదిలో చిన్న వయసువారికి వచ్చి, వినికిడిని కూడా దెబ్బతీసి, చాలా ఏళ్లు సాగే ఈ జబ్బును బట్టి పాశ్చాత్య నిష్పత్తులను ఇక్కడ యథాతథంగా దించలేం అనిపిస్తుంది.

ఇప్పటికున్న ఆధారాలను బట్టి చిన్నమెదడు పాత్ర సీ9ఓఆర్ఎఫ్72 ఉన్నవారిలో బలంగా సూచితమవుతోంది. మిగతావారిలో అది అనుమానం దాటలేదు. నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా మోటార్ న్యూరాన్ జబ్బు అని ఖాయం చేసే ముందు వెన్ను ఎంఆర్ఐ, ముంజేతి ఎక్స్‌రే, ఇంటి బోరు నీటి పరీక్ష తప్పనిసరిగా చేయించాలి.