నమీ: లెక్కల్లో రాని గంటలు

పోయిన రంజాన్‌లో సౌదీ నుంచి మా మామూ కొడుకు ఒక వీడియో పంపాడు. అక్కడ ఒక పాడి ఫారంలో దాణా గోదాములో పని చేస్తాడు. అమెరికా నుంచి కంటెయినర్లలో వచ్చే గడ్డి మోపులను లెక్కపెట్టి పేర్పించడం అతని డ్యూటీ. వీడియోలో ముందు ట్రాక్టర్, దాని వెనక ఒక బాయిలర్, దాని వెనక గడ్డిని నొక్కి మోపు కట్టే మిషను. కరకరలాడే గడ్డి మిషన్‌లోకి పోతుంటే గొట్టాల్లోంచి భాప్ కొడుతోంది. "ఎండబెట్టిన గడ్డికి మళ్లీ తడి ఎందుకు భాయ్? వీళ్లకు పైసలు ఎక్కువైనయా?" అని కింద రాశాడు.

ఇఫ్తార్ అయ్యాక అమ్మీకి చూపించాను. నిజామాబాద్‌లో మా గల్లీలోనే పెళ్లయి వచ్చిన నాటి నుంచి వేళ్లు వంకర పోయేదాకా బీడీలు చేసిన మనిషి. కళ్లద్దాలు సవరించుకొని రెండుసార్లు చూసింది. "యే తో అపనాచ్ కామ్ హై బేటా" అంది. ఇది మన పనే కదా అని. "పత్తాకు నమీ పెడుతున్నరు. లేకపోతే చూర అవుతది."

అమెరికా రైతు బాయిలర్ పెట్టి చేసే పని అమ్మీకి ఒక్క చూపులో అర్థమైంది. డిగ్రీ చదివిన నాకు ఒక రోజంతా చదివితే గానీ అర్థం కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ గడ్డి సంగతి. అది అల్ఫాల్ఫా. మన దగ్గర లూసర్న్ అంటారు. దాని బలమంతా ఆకులో ఉంటుంది, కాడలో కాదు. ఊటా, నెవాడా, అరిజోనా లాంటి ఎండు ప్రాంతాల్లో కోసిన గడ్డి త్వరగా ఆరుతుంది. కానీ మరీ ఆరిపోతే మోపు కట్టే మిషను దెబ్బకు ఆకు పొడిపొడిగా రాలి మన్నులో కలుస్తుంది. చేతికి కాడలే మిగులుతాయి. అందుకని అక్కడి రైతులు రాత్రి మంచు కోసం కాచుకుంటారు. అర్ధరాత్రి దాటాక ఆకు కొంచెం మెత్తబడుతుంది. ఆ రెండు మూడు గంటల్లోనే మోపులు కట్టాలి. మంచు పడని రాత్రి పని లేదు. మంచు ఎక్కువైతే మోపు లోపల వేడెక్కి బూజు పడుతుంది, ఒక్కోసారి నిప్పే అంటుకుంటుంది. ఊటా రాష్ట్రంలో సీడర్ సిటీకి చెందిన స్టాహెలీ అనే కంపెనీ దీనికి మిషను చేసింది. నీళ్లు చల్లితే చుక్కలు పైనే నిలుస్తాయి, ఒక చోట తడి, ఒక చోట పొడి. భాప్ అయితే ఆకులోకి క్షణాల్లో దిగుతుంది. ఇక మంచు కోసం ఎదురుచూడనక్కర లేదు.

ఈ గడ్డికీ మన వాళ్లకూ ఒక రిష్తా కూడా ఉంది. భూగర్భంలో నీళ్లు అయిపోతున్నాయని సౌదీ హుకూమత్ తన దేశంలో పచ్చగడ్డి సాగును ఆపించుకుంటూ వచ్చింది. అక్కడి పాడి కంపెనీ అల్మరాయ్ 2014లో అరిజోనాలో భూమి కొన్నది. ఒక ఎడారి నీళ్లు గడ్డి రూపంలో ఇంకో ఎడారికి పోతాయి. ఆ మోపులను దించే చేతుల్లో నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల పిల్లల చేతులు కూడా ఉంటాయి. ఆ పిల్లల్లో చాలామంది అమ్మల చేతులు బీడీ ఆకు చేతులే.

ఇప్పుడు మన ఆకు సంగతి.

తునికాకు అంటాం, బీడీ ఆకు అంటాం. దేశంలో చాలా చోట్ల తెందూ పత్తా అంటారు. కానీ ఆంధ్రప్రదేశ్ సర్కారు కాగితాల్లో దానికి ఇంకో పేరు ఉంది, అబ్నూస్. ఉర్దూ మీడియం బడిలో చదివిన వాళ్లకు ఈ మాట చూడగానే దిల్ ఖుష్ అవుతుంది. ఆబ్నూస్ అంటే ఫార్సీలో నల్ల కలప. గ్రీకుల ఎబెనోస్, ఇంగ్లీషు వాళ్ల ఎబొనీ, అన్నీ ఒక కుటుంబం మాటలే. తునికి చెట్టు ఆ నల్ల కలప చెట్టుకు చుట్టం. ఈ ఆకు వ్యాపారాన్ని సర్కారు తన చేతిలోకి తీసుకున్న 1971 నాటి చట్టం కింది నియమాల్లో ఆ పేరే ఉంది.

ఎండాకాలం ముందు అడవిలో తునికి పొదలను నరుకుతారు. అప్పుడు కొత్త చిగుళ్లు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఆకు కోస్తారు. ఆదిలాబాద్, నిర్మల్ వైపు గోండులు, ఇతర ఆదివాసీలు, పేద కుటుంబాలు ఫజర్ కన్నా ముందే అడవికి పోయి, ఎండ ముదిరేలోపు తిరిగి వస్తారు. యాభై ఆకులకు ఒక కట్ట. కట్టలను కల్లంలో వరుసగా పేర్చి ఎండబెడతారు. వారం రోజులు ఆ ఎండకు ఆకు గలగలమంటుంది. అప్పుడు దాన్ని అట్లనే సంచిలో కూరితే చూరే మిగులుతుంది. అందుకే కట్టల మీద నీళ్లు చిలకరించి, ఆకు మెత్తబడ్డాక గోనె సంచుల్లో గట్టిగా కూరుతారు. ఆ తర్వాత సంచులను మళ్లీ ఎండకు పెడతారు. ఒక ప్రామాణిక సంచికి వెయ్యి కట్టలు, అంటే యాభై వేల ఆకులు. నీళ్లు తక్కువైతే ఆకు విరుగుతుంది, ఎక్కువైతే సంచి నడుమ నల్లబడి కుళ్లుతుంది. ఎంత చల్లాలో చూపించే మీటరు ఏదీ లేదు. కల్లం మీద కూర్చున్న మనిషి అరచేయే మీటరు.

ఆ సంచి నిజామాబాద్ చేరాక కథ మళ్లీ మొదలవుతుంది. మన ఇళ్లల్లో చూసిన వాళ్లకు చెప్పనక్కర లేదు. పిల్లలు తెలుసుకోవాలని చెబుతున్నాను. కార్ఖానాలో ఆకు, తంబాకు, దారం తూచి ఇస్తారు. మగ్రిబ్ తర్వాత అమ్మీ ఆకు కట్టలను నీళ్లలో ముంచి తీసి, దులిపి, తడి గోనెలో చుట్టి మూల పెట్టేది. తెల్లారేసరికి ఆకు తోలులాగా మెత్తగా అయ్యేది. అప్పుడు రేకు అచ్చు పెట్టి కత్తెరతో కోయాలి, ఈనెలు తీయాలి. కోసిన ఆకును మళ్లీ తడి గుడ్డలో చుట్టి ఉంచాలి. ఆ తర్వాత గదా చేటలో తంబాకు పోసుకొని చుట్టడం! ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి.

ఎండాకాలం మా ఇంట్లో ఫ్యాను వేయనిచ్చేది కాదు. ఆకు ఆరిపోతుందని. నలభై మూడు డిగ్రీల్లో ముగ్గురు ఆడవాళ్లు చెమటలో తడుస్తూ కూర్చునేవాళ్లు, ఆకు తడి పోకూడదని. వానాకాలంలో ఉల్టా. ఆకుకు బూజు పట్టకుండా చూసుకోవాలి. ఇంత కష్టపడి పెట్టిన నమీని చివరికి కార్ఖానాలో బట్టీ మీద సేకి తీసేస్తారు. తడి ఉన్న బీడీ వెలగదు కదా.

మజ్దూరీ దేనికి? వెయ్యి బీడీలకు. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. ఇంట్లో కూర్చొని చేసేవాళ్లను కూడా కార్మికులుగా గుర్తించింది. అది చిన్న విషయం కాదు. పరదాలో ఉన్న మనిషి పేరు ఒక సర్కారీ కాగితం మీద కార్మికురాలిగా ఎక్కింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. దవాఖానాలు, పిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఆ నిధి నుంచే వచ్చాయి. 2015 నుంచి తెలంగాణ సర్కారు బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల భృతి ఇచ్చింది, 2019లో దాన్ని 2016 చేసింది.

కానీ ఇన్ని కాగితాల్లోనూ లెక్క బీడీలదే. ఆకు నానబెట్టిన రాత్రి, గోనె తిప్పిన తెల్లవారుజాము, కత్తెర పట్టిన నాలుగైదు గంటలు, వీటికి విడిగా కాలమ్ లేదు. ఆకు పొడిదై విరిగితే ఆ నష్టం చేసినామెదే. తక్కువ పడిన ఆకు బయట కొనుక్కోవాలి. చుట్టిన బీడీల్లో బాగా లేనివి ఛాంట్‌లో పోతాయి. ఆ కూలీ పోయినట్టే.

ఇదే కాలంలో మనకు పదిహేను మైళ్ల దూరంలో భాప్‌కు ఎంత ఇజ్జత్ ఉండేదో చూడండి.

1923 నుంచి 1931 దాకా మంజీరా మీద నిజాంసాగర్ కట్టారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదూర్ ఆ పనికి పెద్ద. ఆయన పుట్టిన జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాం. కాలువ నీళ్లు వచ్చాక బోధన్ చుట్టూ చెరుకు వచ్చింది. చెరుకు వచ్చాక 1937లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఊరి పక్కన ఇంకో ఊరే లేచింది, శక్కర్‌నగర్.

చక్కెర మిల్లు నడిచేదే భాప్ మీద. చెరుకు గానుగలో పడ్డాక మిగిలిన పిప్పిని బాయిలర్‌లో కాలుస్తారు. వచ్చిన భాప్‌తో టర్బైన్లు తిరుగుతాయి. బయటకు వచ్చిన అదే భాప్‌తో రసం కాగుతుంది. ఇంకో మాట వింటే అమ్మీకి నవ్వొచ్చింది. పిప్పిలో మిగిలిన చివరి తీపిని లాగడానికి ఆఖరి గానుగ ముందు దాని మీద వేడి నీళ్లు పోస్తారు. ఎండిన దానికి తడి పెడితేనే దాని లోపలి రిజ్క్ బయటకు వస్తుంది. గానుగ దాటాక కూడా పిప్పిలో దాదాపు సగం తడే. దాన్ని మోపులు కట్టి కాగితం మిల్లులకు పంపాలంటే ఆరనివ్వాలి. తడి మోపుల్లో బూజు పుడుతుంది, ఆ దుమ్ము పీల్చిన మజ్దూర్లకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. బగాసోసిస్ అంటారు. బూజు గడ్డితో వచ్చే జబ్బును రైతు ఊపిరితిత్తి అంటారు. మన గల్లీల్లో తంబాకు దుమ్ముతో వచ్చే దగ్గును మాత్రం మనం ఏ పేరుతోనూ పిలవలేదు.

మా ఫుప్పా ఆ ప్రాంతంలో ఒక మిల్లులో బాయిలర్ మీద పని చేశాడు. భాప్ మీటరు చూసి వాల్వు తిప్పేవాడు. షిఫ్టుకు టైము ఉండేది, సైరన్ ఉండేది, ఎనిమిది గంటలు దాటితే ఓవర్‌టైము. మంచి మనిషి, తన పని మీద ఫఖ్ర్ ఉన్న మనిషి. ఆయన వాల్వు తిప్పడం హునర్. మా ఫుప్పూ గోనె తిప్పడం ఇంటి పని. ఇద్దరూ చేసేది ఒకటే, తడిని కొలవడం. ఒకరి గంటలు రిజిస్టర్‌లో ఉన్నాయి.

2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. తెరుస్తామన్న మాటలు తర్వాత చాలా విన్నాం. బోధన్ పొగగొట్టాల గురించి, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గురించి మనవాళ్లు చాలా రాశారు, రాయాలి కూడా. మూతపడ్డ ఫ్యాక్టరీకి తవారీఖ్ ఉంటుంది. మూతపడని చేటకు ఉండదు. భాప్ ఆగిన ఇళ్లల్లో పొయ్యి ఆరకుండా చూసింది చాలా చోట్ల ఆ చేటే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. బీడీ మంచి సరుకు కాదు. మనుషుల ప్రాణాలు తీస్తుంది. అమ్మీకి తెలుసు. మా అన్నదమ్ముల్లో ఎవరి జేబులోనైనా బీడీ కనిపిస్తే ఆ రోజు ఇంట్లో ఖయామతే. ఈ పని పోవాలని ఎవరైనా అంటే నేను కాదనను. పోయేలోపు దాని లెక్క సరిగ్గా రాయాలంటాను.

ఎందుకంటే ఆ లెక్క తప్పడం వల్ల లాభపడిన వాడిని నేను. బీడీ కార్మికుల పిల్లలకు ఇచ్చే స్కాలర్‌షిప్ నాకు వచ్చింది, అమ్మీ పేరు మీద కార్డు ఉంది కాబట్టి. అమ్మీ రోజుకు వెయ్యి చుట్టగలిగింది, మా ఆపా ఏడో తరగతిలో బడి మానేసి ఆకు నానబెట్టి కోసింది కాబట్టి. కత్తెర పట్టే చేతులకు కార్డు ఉండదు. ఆపా నాకన్నా తెలివైనది. ఉర్దూ ఖత్ ఆమెది ముత్యాల్లాగా ఉండేది. నేను కాలేజీకి పోయి తెలుగు చదువుకున్నాను. ఆమె గోనె తిప్పింది.

ఈ రాత చదివి వినిపించాను ఆపాకు. అంతా విని, "ఆ భాప్ మిషను ధర ఎంత?" అని అడిగింది. చాలా ఎక్కువే ఉంటుందన్నాను. కాసేపు ఊరుకొని, "ఫ్యాను వేసుకొని కూర్చుంటరు గదా వాళ్లు" అంది.

మీ ఇంట్లో కూడా ఒక ఆపా, ఒక ఖాలా ఉండి ఉంటుంది. ఈ ఈద్‌కు కలిసినప్పుడు అడగండి, ఆకు ఎన్ని గంటలకు నానబెట్టేది, ఎవరు కోసేది, బడి ఎప్పుడు మానింది అని. చెబితే రాసి పెట్టుకోండి. తారీఖులు యాద్ లేకపోయినా ఫరక్ లేదు, పేర్లు రాయండి చాలు.