ఎడమ చేతికి విడుదల

బజాజ్ చేతక్ నడిపినవాళ్ల ఎడమ మణికట్టుకు ఆ పని ఇప్పటికీ గుర్తుంటుంది. క్లచ్ నొక్కిపట్టి, పిడిని మెలితిప్పి, నాలుగు గేర్లూ చేత్తోనే వేయాల్సి వచ్చేది. పాత బుల్లెట్‌కైతే గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. మైసూరు జావాకు గేరు లీవరే కిక్కు కూడా. కాలితో దాన్ని కదిపితే క్లచ్ దానంతటదే విడిపోయేది. ఒక బండి మీద చేయి తిరిగినవాడు కూడా ఇంకోటి ఎక్కితే తడుముకోవాల్సిందే.

చేతక్ వచ్చిన 1972లోనే పుణె నుంచి లూనా మోపెడ్ వచ్చింది. 1980లో టీవీఎస్ 50. వీటిలో మార్చాల్సిన గేర్లే లేవు. ఇంజను వేగం పెరిగితే క్లచ్‌లోని బద్దలు బయటికి విచ్చుకుని డ్రమ్ముని పట్టుకుంటాయి, తగ్గితే వదిలేస్తాయి. జపాన్‌లో హోండా సూపర్ కబ్ 1958లోనే ఇలాంటి క్లచ్‌తో ఎడమ చేతిని ఖాళీ చేసింది. ఆటోమేటిక్ అంటే ఖరీదైన సోకు అనుకుంటాం గానీ, మన దగ్గర అది మొదట ఎక్కింది పాలక్యానూ కూరగాయల బుట్టా మోసే మోపెడ్ మీదే.

అసలు మలుపు 1984లో పుట్టిన కైనెటిక్ హోండా. బెల్టు పట్టి తిరిగే కప్పీల రెండు సగాలూ వేగాన్ని బట్టి దగ్గరవుతూ, ఎడమవుతూ ఉంటాయి. గేరు పని అదే చేసేస్తుంది. మీట నొక్కితే స్టార్టు. బరంపురం పట్టుచీర కట్టుకుని, కిక్కు కొట్టకుండా, కాలితో గేరు వెతక్కుండా బండి తీయొచ్చు. ఆడవాళ్లకు సొంత బండి దొరకడంలో ఈ యంత్రం పాత్రను మనం తక్కువగా చెప్పుకుంటాం. 1988 మోటారు వాహనాల చట్టం కూడా గేరు లేని మోటార్‌సైకిల్, గేరున్న మోటార్‌సైకిల్ అని లైసెన్సులను వేరు చేసింది. తర్వాత స్కూటీ, యాక్టివా ఆ దారినే వెడల్పు చేశాయి.

గేరు ఉండాలా వద్దా అన్న చర్చకు ఒడిశాలోని గంజాం నేల స్వభావం బాగా పనికొస్తుంది. ఇచ్ఛాపురం నుంచి బరంపురం మీదుగా ఛత్రపురం దాకా జాతీయ రహదారి తీరానికి దగ్గరగా, చాలావరకు చదునుగా సాగుతుంది. ఇక్కడా, బజారు రద్దీలోనూ గేరు లేని బండికి సాటి లేదు. దిగపహండి దాటి తప్తపాణి ఘాట్ ఎక్కితే కథ వేరు. ఎక్కడంలో కాదు, దిగడంలో తేడా తెలుస్తుంది. గేరున్న బండిని రెండో గేరులో వేస్తే ఇంజనే పట్టి ఆపుతుంది. స్కూటర్‌లో యాక్సిలరేటర్ వదిలేస్తే ఆ పట్టు అంతగా ఉండదు. వేగం బాగా తగ్గితే క్లచ్ కూడా విడిపోయి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. పొడవాటి దిగుడులో డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలుతుంది. ఇద్దరెక్కిన స్కూటర్‌తో ఘాట్ దిగేవాళ్లు మధ్యలో ఆగి, బ్రేకులు చల్లారనివ్వడం తప్పనిసరని నా గట్టి నమ్మకం.

2010లో హోండా వీఎఫ్‌ఆర్ 1200లో ఈ తగువు కొంత తీరింది. రెండు క్లచ్‌లున్న గేరుపెట్టె; గేర్లు ఉంటాయి, వాటిని బండే మారుస్తుంది, కావాలంటే మనమూ మార్చుకోవచ్చు. చేతికి విశ్రాంతి, దిగుడులో ఇంజను పట్టు, రెండూ ఒకే బండిలో. తప్తపాణికి కావాల్సింది అదే. మన దగ్గర ఇప్పటిదాకా అది గోల్డ్ వింగ్, ఆఫ్రికా ట్విన్ లాంటి లక్షల ఖరీదు బళ్లలోనే కనిపించింది.