పలాసలో దిగి, డొంకూరు దాకా

పలాసలో బండి దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. ఫిబ్రవరి చివరి వారం, ఒంటికి చలి తెలుస్తోంది. టీ కేటిల్ పట్టుకుని తిరుగుతున్న కుర్రాడు నా వీపున ఉన్న సంచీ వైపు చూశాడు. ఆ తర్వాత నా వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని బోగీ తలుపు వైపు చూశాడు. ఎవరూ దిగలేదు.

"ఏ ఊరెల్లాలప్పా?"

"డొంకూరు."

"ఆడెవులున్నారు మీకు?"

"ఎవరూ లేరు. చూడ్డానికి వెళ్తున్నాను."

నమ్మలేదు గాని, టీ మాత్రం నిండుగా పోశాడు. హౌరా–చెన్నై లైను మీద రోజంతా బండ్లు నడుస్తూనే ఉంటాయి. కిటికీలోంచి చేయి చాపి జీడిపప్పు పొట్లం కొనుక్కుని సాగిపోయేవాళ్ళే ఎక్కువ.

కాశీబుగ్గ వైపు నడుస్తుంటే మనుషులకంటే ముందు జీడిపిక్కల వాసన ఎదురొస్తుంది. కాలిన నూనె ఘాటు గొంతులో కాస్త గీరుతుంది. వీధి పక్కన లారీ నుంచి గోనె బస్తాలు దించుతున్నారు. చుట్టుపక్కల తోటల పంట ఇక్కడి కార్ఖానాలకు చాలదు. ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వచ్చిన పిక్కలు కూడా ఈ సందుల్లోకి చేరతాయి. ఒక చిన్న కార్ఖానా యజమాని తలుపు దగ్గర నిలబడి ఉంటే, లోపల చూడవచ్చా అని అడిగాను. "సూడమ్మా, దానికేటుంది" అని పక్కకు తప్పుకున్నాడు.

లోపల పిక్కలు ఆవిరిలో ఉడికి, చల్లారి, కోతకు వస్తున్నాయి. ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలే కోస్తున్నాయి. అయినా సరిగా విడిపోని పిక్క ఆడవాళ్ళ చేతికే వస్తుంది. పెంకులోని జీడి చర్మాన్ని కాల్చేస్తుంది. కోత దగ్గర కూర్చున్నావిడ వేళ్ళ కొసలు నల్లబడి గట్టిపడ్డాయి. కోసిన పప్పును డ్రయ్యర్‌లో ఆరబెట్టి, పైపొట్టు ఒలిచి, బల్లల మీద పోస్తారు. ఎక్కువమంది ఉండేది అక్కడే. గుండు ఒక పక్కకు, బద్ద ఒక పక్కకు, ముక్క ఇంకో పక్కకు. గుండులోనూ సైజులున్నాయి. పౌనుకు 180 గింజల లోపు తూగేది పెద్దది, 320 లోపు తూగేది బజారులో ఎక్కువగా కనిపించేది. తూకం లేదు, కొలత లేదు. కళ్ళు చూస్తుండగానే వేళ్ళు ఏరేస్తాయి. నేనూ ఒక గుప్పెడు ఏరబోయాను. పక్కనున్న పెద్దావిడ నా కుప్పలోంచి నాలుగు గింజలు తీసి అవతలి కుప్పలో వేసి, "పర్నేదు పిల్లా, రెండు నెలల్లో వొచ్చేస్తాది" అంది. ఆ హాలులో నవ్వులు, పాటలు, ఎవరి కూతురికో వచ్చిన సంబంధం గురించి వాదనలు. పండక్కి మనం పాయసంలో వేసుకునే ప్రతి గింజా ఇలాంటి వేళ్ళ మధ్య నుంచి వచ్చిందే. కొట్టులో ధర చూసి పెదవి విరిచే ముందు ఆ వేళ్ళను ఒక్కసారి చూడాలి.

కవిటి వైపు వెళ్ళే బస్సులో నా పక్క సీట్లో యాభై దాటిన మనిషి కూర్చున్నాడు. ఎడమ చేతికి తెల్లటి పట్టీ, దాని మీద చిన్న రక్తపు చుక్క. పలాస కిడ్నీ ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుని ఇంటికి పోతున్నాడు. 200 పడకల ఆ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. వంశధార నీళ్ళు హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో ఉద్దానమనే ఈ తీర ప్రాంతపు ఊళ్ళకు రావడం మొదలైందీ అప్పుడే. ఇక్కడ ఇంతమందికి ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్ళ పరిశోధనలూ కచ్చితంగా తేల్చలేకపోయాయి.

"నువ్వేటమ్మా, పేపరు మనిషివా?"

"కాదు బాబాయ్. ఊరికే తిరగడానికి వచ్చాను."

"తిరగడానికా!" అని నా వైపు పూర్తిగా తిరిగాడు. "మా ఉద్దానానికి నీల్లు సీసాల్లో పట్టుకెల్లడానికొస్తారు, రగతం తీసుకోడానికొస్తారు, ఫొటోలకొస్తారు. తిరగడానికి ఎవులొచ్చినారమ్మా?"

ఆ మాట నన్ను వదల్లేదు. మందస దాటుతున్నప్పుడు గుడారి రాజమణిపురం ఎటు అని అడిగితే చేత్తో చూపించాడు. జమీందారీ మీద తిరగబడి 1940 ఏప్రిల్ 1న పోలీసు తూటాకు నేలకొరిగిన వీర గున్నమ్మ ఊరది. అంతకు కొద్ది రోజుల ముందే పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేలల గురించి నేను అడగక్కర్లేకుండా ఆయనే చెప్పాడు. థర్మల్ ప్లాంటు వద్దని జనం ఆ తంపర నేలలకు అడ్డం నిలబడితే 2010 జూలై 14న కాల్పులు జరిగాయి. ఇద్దరు రైతులు ప్రాణాలు వదిలారు. ఆ ప్లాంటు రాలేదు. "బీల మాకుండిపోయింది" అన్నాడు.

తన తోట చూసి వెళ్ళమన్నాడు. నేనూ దిగాను.

ఉద్దానం తోటలోకి అడుగుపెడితే ఎండ మారిపోతుంది. ఎర్రటి ఇసుక నేల, పైన కొబ్బరి, దాని నీడలో పనస, జీడిమామిడి, అరటి, కింద ఎక్కడో మిరియాల తీగ. పనస మానుకు పిందెలు కట్టాయి. జీడి చెట్లకు పూత వాసన. అంత పచ్చదనంలోనూ తేడా తెలుస్తుంది. కొన్ని చెట్లు ఆకాశంలోకి పోయాయి, చాలావరకు మనిషికి రెండింతలే ఉన్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరం దాటి లోపలికి వచ్చింది. రాత్రంతా గాలి ఒకవైపు నుంచి కొట్టి, కాసేపు ఆగి, మళ్ళీ ఇంకోవైపు నుంచి కొట్టిందట. పొద్దున తలుపు తీస్తే ఇంటి నుంచి సముద్రం వైపు ఏ అడ్డూ లేకుండా కనిపించిందట. తాతల నాటి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. కూలినవాటిని తొలగించడానికే నెలలు పట్టింది. ఆ మరుసటి ఏడే మొక్కలు పెట్టాడు. దేశవాళీ కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. అప్పటికే ఆయన కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టర్లు చెప్పేశారు.

ఒక కుర్ర చెట్టు దగ్గర ఆగి బొండం కోయించి నా చేతికిచ్చాడు. మీరూ తీసుకోండి అన్నాను. తల అడ్డంగా ఊపాడు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు కొబ్బరి నీళ్ళు తాగకూడదు. అందులోని పొటాషియం గుండె మీదికి వస్తుంది. "నాను నాటినాను, నువ్వు తాగు" అన్నాడు మామూలుగా. నేను తాగుతుంటే పక్కనే నిలబడి, ఎలా ఉన్నాయని అడిగాడు. చాలా తియ్యగా ఉన్నాయి. ఆ మాట చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది.

ఇచ్ఛాపురంలో రాత్రి మకాం. ఆంధ్రకు ఉత్తరాన చివరి పట్టణం. కొట్టువాడు నాతో తెలుగు, నా వెనకున్న అతనితో ఒడియా, తనలో తాను రెండూ కలిపి మాట్లాడతాడు. పెద్ద కొనుగోళ్ళకీ పెద్ద జబ్బులకీ ఇక్కడివాళ్ళు సరిహద్దు దాటి బరంపురం పోతారు. ఊరి పక్కన బాహుదా నది మీద బ్రిటిష్ కాలపు పాత వంతెన 2023 మేలో ఒక గ్రానైట్ లారీ బరువుకు కూలింది. పొద్దున్నే తేలుకుంచి వెళ్ళాను. తొలకరితో వచ్చి ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కట్టే నత్తగుల్ల కొంగలు ఇప్పుడు లేవు, పిల్లలతో వెళ్ళిపోయాయి. ఖాళీ గూళ్ళు చూపించిన ఊరివాళ్ళు వాటిని ఇంటి ఆడపిల్లల్లా తలచుకున్నారు. కొట్టరు, కొట్టనివ్వరు.

డొంకూరు ఆటోలో నేను, మంచు పెట్టెలు, ఇద్దరు ఆడవాళ్ళు. సరుగుడు తోపులు దాటగానే గాలి చెవుల్లోకి దూరింది. ఊరి వీధుల్లో పిల్లలు, ముసలివాళ్ళు, ఆడవాళ్ళు. పడుచు మగవాళ్ళు బాగా తక్కువ. శ్రీకాకుళం జిల్లాకు 190 కిలోమీటర్లకు పైగా తీరముంది గాని పెద్ద మరపడవలు నిలిచే రేవు లేదు. అందుకే వర్షాకాలంలో గుజరాత్ వెరావల్ వెళ్ళి అక్కడి పడవల్లో కూలికి చేరతారు, వేసవిలో తిరిగొస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన శ్రీకాకుళం మత్స్యకారులనే పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో గాని వాళ్ళు ఇల్లు చేరలేదు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకు ఆధారం అదే.

ఒడ్డున పెదవల లాగుతున్నారు. పడవ సముద్రంలో అర్ధచంద్రంగా వల వేసి వచ్చింది, రెండు కొసలూ ఇసుక మీద రెండు జట్ల చేతుల్లో ఉన్నాయి. ముసలివాళ్ళు, బడి ఎగ్గొట్టిన కుర్రాళ్ళు, కొంగు బిగించిన ఆడవాళ్ళు. ఒకావిడ నన్ను చూసి, "నిలబడి సూత్తావేటి, అట్టుకో" అంది. సంచీ ఇసుకలో పడేసి తాడు పట్టుకున్నాను. తడి తాడు అరచేతిని ఒరుసుకుంటోంది. కేక వచ్చినప్పుడు మడమలు తన్నిపెట్టి వెనక్కి వాలాలి, కేక ఆగగానే వదలకుండా ఆగాలి. నా ముందున్న ముసలాయన వీపు ప్రతి లాగుకూ విల్లులా వంగుతోంది. చాలాసేపటికి వల బొడ్డు నురుగులోంచి బయటికొచ్చింది. నెత్తళ్ళు, కవ్వళ్ళు, నాలుగు కానాగంతలు, వెండి పట్టీల్లా మెరిసే సావడాలు. ఒక తాబేలు కూడా చిక్కింది. ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని ఎత్తుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో వదిలారు. ఈ నెలల్లో అవి గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకే వస్తాయి.

ఇసుక మీదే వేలం పాట మొదలైంది. పాడేది ఆడవాళ్ళే. నా చేత తాడు పట్టించినావిడ బుట్ట నింపుకుంటూ ఫోన్‌లో వీడియో కాల్ పెట్టింది. తెర మీద వెరావల్ రేవు, వెనక పడవల వరస, ముందు ఆమె భర్త ముఖం. ఫోను నా వైపు తిప్పి, "ఈ పిల్ల ఒక్కర్తే మనూరు సూడ్డానికొచ్చింది, తాడు లాగింది" అంది. అతను నవ్వి, "మేమొచ్చినాక రండమ్మా, ఊరు నిండుగుంటాది" అన్నాడు. ఏప్రిల్ 15 నుంచి ఇక్కడ వేట నిషేధమైనా, మనుషులు మాత్రం ఇళ్ళలో ఉంటారట. గంగమ్మ పండగ ఎప్పుడో, ఏ ఇంట్లో పడుకోవాలో కూడా ఆవిడే తేల్చేసింది.

నా వంతు అంటూ గుప్పెడు నెత్తళ్ళు కాగితంలో చుట్టి ఇచ్చారు. వద్దంటే ఒప్పుకోలేదు. లాగినవాళ్ళందరికీ వాటా ఉంటుందట. ఇచ్ఛాపురం ఆటో అప్పటికే హారన్ కొడుతోంది. "బేగెక్కండమ్మా, బరంపురం బండి ఎల్లిపోతాది!" చేపల బుట్టల మధ్య నా సంచీకి చోటు చేసి, ఆవిడ నా పక్కనే ఎక్కి కూర్చుంది.