చూపుడువేలు లేని వోటరు

2023 నవంబరు 30. శాసనసభ ఎన్నికల పోలింగు. గోదావరిఖనిలోని వొక బడిలో, వరసలో నా ముందు నిలబడ్డ ముసలాయన ఎడమచేయి చాపాడు. సిరా సీసా పట్టుకున్న ఉద్యోగి వొక్క క్షణం తడబడ్డాడు. ఆ చేతికి చూపుడువేలు లేదు. ముసలాయనే మధ్యవేలు ముందుకు జరిపాడు. ఆయనకు ఇది అలవాటే. బాయిలో టబ్బులకు కప్లింగు తగిలించేటప్పుడు పోయిన వేలది.

ఆ ఉద్యోగి తడబడనక్కర లేదు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో దీనికి జవాబు వుంది. ఎడమచేతి చూపుడువేలు లేకుంటే ఆ చేతికే వున్న మరో వేలికి గుర్తు పెట్టాలి. ఆ చేతికి వేళ్లే లేకుంటే కుడిచేతికి. రెండు చేతులకూ లేకుంటే, చేయి ఎంతవరకు మిగిలివుంటే ఆ కొసకు. వేళ్లు లేని మనిషి కూడా పౌరుడేనని ఇంత ఓపికగా రాసిన శాసనం మన దేశంలో వుండటం నాకు ఆశ్చర్యంగానే తోచింది.

అదే వేలును గురించి ఇంతే ఓపికగా ఆలోచించిన మరో శాసనం 2025 దాకా వుండేది. అది 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం. చివరిదాకా అమలైన దాని పట్టికలో చూపుడువేలు పూర్తిగా పోతే 14 శాతం. మధ్యవేలికి 12. ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ ఏడేసి. బొటనవేలికి 30. వొక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. రెండు చేతులూ పోతే నూరు. ఈ శాతాలు దేనివి? నొప్పివి కావు, అవమానానివి కావు. చట్టం దాన్ని దాచుకోలేదు కూడా. 'సంపాదనా శక్తి నష్టం' అని స్పష్టంగానే అన్నది. పెట్టుబడి కొన్నది మనిషిని కాదు, అతని శ్రమశక్తిని. కనుక పోయినదాన్ని కూడా ఆ తూకపు రాళ్లతోనే తూచింది. తట్టా చెమ్మస్‌తో బతికే కోల్ ఫిల్లరుకు బొటనవేలు లేకపోతే చెమ్మస్ పట్టు నిలవదు. పట్టికకు మాత్రం అది 30.

ఈ నేలలో బొగ్గు చరిత్ర చెప్పేవాళ్లు 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించిన విలియం కింగ్‌తో మొదలుపెడతారు. 1889లో తవ్వకం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ, 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వాటాలు, తర్వాత రాష్ట్ర ప్రభుత్వానికి 51, కేంద్రానికి 49. ఇదంతా యాజమాన్యం మారిన చరిత్ర. బాయిలోకి సంపూర్ణంగా దిగి అసంపూర్ణంగా పైకి వచ్చిన మనుషుల చరిత్ర దీనిలో ఎక్కడా లేదు. వాళ్లు మిగిలింది 'అన్‌ఫిట్' అనే వొక్క మాటలో. మన దగ్గర ఆ మాట ఇంగ్లీషు రాని ఇంట్లో కూడా తెలుసు. "మా నాయన అన్‌ఫిట్ అయిండు" అంటే అర్థం చెప్పనక్కర లేదు.

ఆ మాట వెనక వొక ఒప్పందాల చరిత్ర వుంది. కాలూ చేయీ దెబ్బతిన్నవాణ్ని ల్యాంపు రూములోనో, కాంటీనులోనో, కాపలాకో వేయటం పాత పద్ధతి. 1975 నుంచి అమలైన జాతీయ బొగ్గు వేతన ఒప్పందాల క్రమంలో ఇంకొక హక్కు స్థిరపడింది. ప్రమాదం వల్లగానీ జబ్బు వల్లగానీ శాశ్వతంగా పనికి పనికిరాకుండా పోయి ఉద్యోగం కోల్పోయిన కార్మికుని స్థానంలో అతనిమీద ఆధారపడిన వొకరికి ఉద్యోగం. ఆరవ ఒప్పందంలో ఇది 9.4.0 అనే క్లాజు. కార్మికవర్గం పోరాడి సాధించుకున్న హక్కే ఇది. దీన్ని చిన్నచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కాని అది తెచ్చిన వైరుధ్యాన్ని కూడా చూడాలి. గనుల్లో పని చేసేవారికి చేరేముందు వొకసారి, తర్వాత గడువు ప్రకారం మళ్లీ మళ్లీ వైద్యపరీక్ష జరగాలని చట్టం. ఆరోగ్యంగా వున్నాననిపించుకోవటానికి వెళ్లవలసిన ఆ డాక్టరు ముందుకే, నిరుద్యోగి కొడుకున్న తండ్రి తాను చెడిపోయానని రుజువు చేసుకోవటానికి వెళ్తాడు. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య, 2023 నాటికి దాదాపు 40 వేలకు పడిపోయింది. కొత్త ఉద్యోగానికి తలుపు సన్నబడినకొద్దీ తండ్రి శరీరమే తలుపయింది. అందులోనూ, బాయిపనికి ఎక్కే వారసుడు వైద్యపరీక్ష నెగ్గాలి. చిన్నప్పుడే కాలు పోలియో బారినపడ్డ కొడుక్కు ఆ తలుపులోంచి బాయిలోకి దారి లేదు.

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. ఉద్యోగాల్లో 3 శాతం కేటాయించింది. అంతకన్న పెద్దమాట దాని 47వ సెక్షన్‌లో వుంది. ఉద్యోగంలో వుండగా వైకల్యం వచ్చినవాణ్ని తీసేయరాదు. అదే జీతంమీద మరో పని ఇవ్వాలి. అలాంటి పని లేకుంటే దొరికేదాకా అదనపు పోస్టులో వుంచాలి. 2016 చట్టం కేటాయింపును 4 శాతం చేసి, ఈ రక్షణను 20వ సెక్షన్‌లో నిలిపింది. వర్ణాంధత్వం వచ్చిందని తెలంగాణ ఆర్టీసీ పక్కనపెట్టిన డ్రైవరుకు మరో పని ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది.

మన బాయిలమీద ఈ చట్టం మాట ఎత్తితే ఏం జరుగుతుందో ఆలోచించండి. చట్టం కార్మికునితో, నువ్వు విరిగినా కార్మికుడివే, వెళ్లవద్దు, అంటుంది. ఇల్లు అతనితో, వెళ్లు, కొడుకు వస్తాడు, అంటుంది. అతను ఇంటి మాటే వింటాడు. తప్పు అతనిదని నేననను. 2016లో వారసత్వ ఉద్యోగాలు ప్రకటించారు. 2017 మార్చిలో హైకోర్టు వాటిని కొట్టివేసింది. సర్కారీ కొలువు తండ్రి నుంచి కొడుక్కు దిగే ఆస్తి అయితే రాజ్యాంగంలోని సమాన అవకాశానికి అర్థం లేదన్నది ఆ తీర్పు సారం. ఆ తర్వాత మిగిలిన దారి కారుణ్య నియామకం. అంటే మళ్లీ మెడికల్ బోర్డే. ఈ వాదంలో కోర్టూ, ప్రభుత్వమూ, సంఘాలూ వారసుణ్ని గురించే మాట్లాడాయి. దెబ్బతిన్న కార్మికుడు ఇంకా పని చేయగలడా, ఏ పని చేయగలడు, అని అడిగిన గొంతు నాకు పెద్దగా వినిపించలేదు.

మనం రచయితలం కనుక మన వాటా కూడా చెప్పుకోవాలి. బాయిలో చనిపోయినవాడికి మన సాహిత్యంలో పాటలున్నాయి, కథలున్నాయి. నేను చదివిన కథల్లో చాలావాటిలో పైకప్పు కూలటంతో కథ ముగుస్తుంది. బతికి బయటపడ్డవాడు మర్నాడు మగ్గుతో నీళ్లెలా పోసుకుంటాడో రాయం. పైగా సర్కారు చెవిటిదనీ, చట్టం గుడ్డిదనీ, యాజమాన్యానివి కుంటిసాకులనీ రాస్తాం. శత్రువును తిట్టటానికి మనవాడి శరీరాన్ని వాడుకుంటున్నామని తోచదు. నేనూ రాశాను.

ఇక వోటు సంగతి. తొలి సార్వత్రిక ఎన్నికల తర్వాత దశాబ్దాలపాటు చూపులేని వోటరుకున్న సౌకర్యం తోడు మనిషిని తెచ్చుకోవటమే. రహస్య వోటు అతని విషయంలో ఇద్దరి రహస్యం. ఓటింగు యంత్రంమీద బ్రెయిలీ గుర్తులను మొదట పరీక్షించింది మన దగ్గరే, 2004లో హైదరాబాదు ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. అదే ఏడు పోలింగు కేంద్రాలకు చెక్క ర్యాంపులు పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2009 సార్వత్రిక ఎన్నికలకు బ్రెయిలీ గుర్తులు దేశమంతటికీ వచ్చాయి. 2023 నవంబరులో 40 శాతం, ఆపైన వైకల్యమున్నవారికి ఇంటి దగ్గరే వోటు వేసే వీలు కల్పించారు. (ఈ 40కీ, నష్టపరిహారపు పట్టికలోని శాతాలకూ లెక్క వేరు. వొక చట్టంలో సగం మనిషి మరో చట్టంలో పూర్తి మనిషి కావచ్చు.)

అదే 2023లో, నెల తిరగకముందే, డిసెంబరు 27న సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. 1998లో మొదలైన రహస్య బ్యాలెట్ పద్ధతి ఇది. కేంద్ర కార్మిక శాఖ అధికారులు నిర్వహిస్తారు. పని చేస్తున్న పర్మినెంటు కార్మికులకే వోటు. ఉద్యోగంలో లేనివాడికి బేరమాడే సంఘాన్ని ఎన్నుకునే హక్కెందుకని అడగవచ్చు. సహేతుకమైన ప్రశ్నే. కాని ఆ సంఘం బల్లదగ్గర కూర్చొని మాట్లాడే విషయాల్లో మెడికల్ బోర్డు వొకటి, ప్రత్యామ్నాయ పని వొకటి, వైద్యం వొకటి. వాటి మంచిచెడ్డలు ఎవరి వొంటిమీద రాసివున్నాయో వాళ్ల పేరు జాబితాలో లేదు. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే కాంట్రాక్టు కార్మికుని పేరూ లేదు. అతనికి చూపుడువేలు పోతే అదే 14 శాతం. కాంట్రాక్టరు ఇవ్వకుంటే అసలు యజమాని ఇవ్వాలని ఆ 1923 చట్టంలోని 12వ సెక్షన్ చెప్పేది. 9.4.0 మాత్రం అతని కొడుక్కు లేదు.

నవంబరులో నా ముందు నిలబడ్డ ముసలాయనను డిసెంబరులో మళ్లీ చూశాను. వేలు పోయిన చాలా ఏళ్లకు, ఊపిరితిత్తులు చెడి అన్‌ఫిట్ అయ్యాడట. కొడుకు ఇప్పుడు అదే బాయిలో. స్కూటరుమీద కొడుకు వెనక కూర్చొని వచ్చి, పోలింగు జరుగుతున్న చోటికి బయట, చాయ్ బండి దగ్గర ఆగిపోయాడు. ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని, మధ్యవేలు గోరుమీద ఇంకా పూర్తిగా పోని నవంబరు సిరాను చూసుకుంటున్నాడు. కొడుకు వోటు వేసి వచ్చాడు. ఎవరికి వేశావని తండ్రి అడగలేదు.